క్షయకరణ విభజన పాఠం: ఒక విమర్శ

జీవశాస్త్ర పాఠాలలో క్షయకరణ విభజనను గూర్చిన ప్రకరణం చివర 'ప్రాముఖ్యం' అనే శీర్షిక ఒకటి ఉంటుంది. ఈ విభజన వలన జీవులలో వైవిధ్యం కలుగుతుందనీ, ఆ వైవిధ్యం పరిణామానికి తోడ్పడుతుందనీ అక్కడ ఒకటి రెండు వాక్యాలు కనిపిస్తాయి. విద్యార్థులు వాటిని వల్లిస్తారు. పరీక్షలో వ్రాస్తారు. మార్కులు వస్తాయి. ఆ వాక్యం తప్పని ఎవరూ అనలేరు. అయితే అది ఎంతవరకు ఒప్పు, ఎక్కడ చాలదు అనే విచారణ మాత్రం అరుదుగా జరుగుతున్నది. ఈ వ్యాసంలో మనం చేయబోయేది ఆ విచారణే.

విచారణకు ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. రైతు కుటుంబంలోని పిల్ల ఒకతె తన తండ్రిని ఇట్లా అడిగిందనుకోండి: "స్వర్ణ వరి విత్తనం మన గాదెలోదే తీసి నారు పోసుకుంటాము గదా, హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం మాత్రం ఏటేటా ఎందుకు కొనాలి?" వరిపువ్వులోనూ క్షయకరణ విభజన జరుగుతుంది, మొక్కజొన్నలోనూ జరుగుతుంది. రెండింటిలోనూ పుప్పొడి అండాన్ని చేరితేనే గింజ ఏర్పడుతుంది. క్షయకరణ విభజనే వైవిధ్యాన్ని కలిగిస్తే, వరి ఏటేటా ఒకే తీరున ఎందుకు పండుతున్నది? మొక్కజొన్న ఎందుకు చెదిరిపోతున్నది? పాఠం చదివిన పిల్ల ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే లోపం పిల్లలో లేదు, పాఠంలో ఉన్నది.

పాఠంలోని మంచి

ముందుగా మంచిని ఒప్పుకోవడం న్యాయం. కణవిభజన దశలను మన పాఠాలు సాధారణంగా చక్కగానే వర్ణిస్తాయి. మనిషి శరీరకణాలలో 46 క్రోమోసోములు ఉన్నవి. అవి 23 జతలు. ప్రతి జతలోనూ ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వచ్చినవి. బీజకణాలలో కూడా 46 ఉంటే బిడ్డకు 92, మనుమనికి 184 కావలసి వస్తుంది. అందుచేత బీజకణాలు ఏర్పడేటప్పుడు ఈ సంఖ్య సగానికి తగ్గాలి. క్రోమోసోములు ఒక్కసారి రెట్టింపై, కణం రెండుసార్లు విభజన చెందుతుంది. మొదటి విభజనలో సమజాత క్రోమోసోములు ఒకదానినుండి ఒకటి విడిపోతాయి. రెండవ విభజనలో ఒక్కొక్క క్రోమోసోములోని రెండు పోగులు విడిపోతాయి. ఇంతవరకు బొమ్మలు వేసి, దశలకు పేర్లు పెట్టి నేర్పుతున్న పద్ధతిలో దోషం లేదు. దోషాలు 'ప్రాముఖ్యం' అనే శీర్షిక క్రిందనే ఉన్నవి. అవి నాలుగు.

మొదటి లోపం: ప్రశ్న లేని జవాబు

వైవిధ్యం ఎందుకు అంత పెద్ద సమస్య అయినదో పాఠం చెప్పదు. 1859లో డార్విన్ 'జాతుల ఉత్పత్తి' గ్రంథం ప్రకటించిన తరువాత దానిమీద ఎన్నో విమర్శలు వచ్చినవి. వాటిలో మిక్కిలి పదునైన దానిని 1867లో 'నార్త్ బ్రిటిష్ రివ్యూ' పత్రికలో వ్రాసినవారు ఫ్లీమింగ్ జెన్‌కిన్. ఆయన జీవశాస్త్రజ్ఞుడు కాదు, ఇంజనీరు. ఆ కాలంలో తల్లిదండ్రుల లక్షణాలు బిడ్డలో పాలూ నీళ్ళవలె కలిసిపోతాయని చాలామంది భావించేవారు. అదే నిజమైతే ఒక జీవిలో కొత్తగా పుట్టిన మంచి లక్షణం బిడ్డలలో సగానికి, మనుమలలో పాతికకు, ఆ తరువాత అరపాతికకు పలచబడవలసిందే. చెరువులో పోసిన చెంబెడు పాలు చెరువును తెల్లబరచవు. ప్రకృతి ఎంపిక చేయడానికి ఏ వైవిధ్యమూ నిలవకపోతే ఎంపిక ఎట్లా జరుగుతుంది? ఈ విమర్శను డార్విన్ తేలికగా తీసుకోలేదు.

జవాబు అప్పటికి ఒక సంవత్సరం ముందే అచ్చయి ఉన్నది. 1866లో బ్రనో నగరపు ప్రకృతిశాస్త్ర సంఘం సంచికలో మెండెల్ బఠాణీ ప్రయోగాలు వెలువడినవి. ఊదాపూల మొక్కను తెల్లపూల మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ ఊదాపూలే. వాటిని ఆత్మపరాగ సంపర్కానికి వదిలితే రెండవ తరంలో 705 మొక్కలు ఊదాపూలు, 224 మొక్కలు తెల్లపూలు పూసినవి. ఆ తెలుపు పలచబడిన తెలుపు కాదు, తాతనాటి తెలుపే. ఒక తరం పాటు కనపడకుండా ఉన్నదేగాని కరగలేదు.

ఈ వ్యాసాన్ని శాస్త్రలోకం 1900 వరకు గుర్తించలేదు. 1902, 1903 సంవత్సరాలలో సట్టన్, బొవేరి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మెండెల్ నియమాలకు ఆధారం క్రోమోసోముల నడవడిలో ఉన్నదని చూపించారు. తల్లి క్రోమోసోము, తండ్రి క్రోమోసోము జతగా చేరుతాయి, మరల విడిపోతాయి. వాటిపై ఉన్న జన్యువులు ఒకదానిలో ఒకటి కరగవు. కావున వైవిధ్యం విషయంలో క్షయకరణ విభజన చేసే మొదటి మేలు సృష్టి కాదు, సంరక్షణ. ఉన్న భేదాన్ని పలచబరచకుండా అది తరువాతి తరానికి అందజేస్తుంది. 1908లో హార్డీ, వైన్‌బర్గ్ వేరువేరుగా గణితం ద్వారా చూపినది కూడా దీనినే: ఎంపిక, వలస, ఉత్పరివర్తనం వంటి కారణాలు లేని పెద్ద జనాభాలో, కేవలం సంతానోత్పత్తి వలన జన్యువుల నిష్పత్తి మారదు. జెన్‌కిన్ ప్రశ్నను ముందు చెప్పి తరువాత విభజనను వర్ణిస్తే విద్యార్థికి ఆ దశలన్నీ ఎందుకో తెలుస్తుంది. ప్రశ్న లేకుండా జవాబు చెప్పినందువలన అవి కేవలం పేర్లుగా మిగిలిపోతున్నవి.

రెండవ లోపం: ఒక సంఖ్యపై మోజు

జతలు విడిపోయేటప్పుడు ఏ జతలో ఏది ఎటు పోవాలో నియమం లేదు. గవ్వ వేస్తే వెల్లకిల పడవచ్చు, బోర్ల పడవచ్చు. ఒక గవ్వ పడిన తీరుకూ మరొక గవ్వ పడే తీరుకూ సంబంధం లేదు. 23 గవ్వలు వేస్తే పడగల విధాలు 2ను 23 సార్లు వేసి గుణించినంత, అనగా 83,88,608. తల్లి పక్షాన ఇన్ని, తండ్రి పక్షాన ఇన్ని. రెండూ గుణిస్తే 70 లక్షల కోట్లు దాటుతుంది. సట్టన్ 1903 నాటి తన వ్యాసంలోనే ఇటువంటి లెక్కను పట్టికగా ఇచ్చారు. జతలు నిజంగా ఇట్లా స్వతంత్రంగా విడిపోతాయని 1913లో ఎలినార్ కారోథర్స్ మిడతల కణాలలో కంటికి కనిపించేటట్లు చూపించారు.

సంఖ్య ఘనమైనదే. మన పెద్దలు చెప్పుకొనే ఎనభై నాలుగు లక్షల జీవరాసులకు ఇది దగ్గరగా ఉన్నదని తరగతిలో ఎవరైనా ముచ్చటపడవచ్చును. ముచ్చటకు అడ్డు లేదు గాని దానిలో అర్థం వెదకరాదు. బఠాణీలో 7 జతలు, కావున 128 విధాలే. వరిలో 12 జతలు, కావున 4,096. సంఖ్య జతలనుబట్టి మారేదే తప్ప దానిలో రహస్యం లేదు.

మోజులో పడి పాఠం రెండు విషయాలు మరచిపోతున్నది. ఒకటి, ఈ సంఖ్య ఒక్కొక్కప్పుడు మిక్కిలి పెద్దది. జతలోని రెండు క్రోమోసోములూ ఒకే తీరువైతే, ఏది ఎటు పోయినా ఫలితం ఒకటే. రెండు ముఖాలపైనా ఒకే బొమ్మ ఉన్న నాణెం ఎగరవేసినట్లే. వరి సంగతి ఇదే. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం నుండి 1982లో విడుదలైన స్వర్ణ రకాన్ని తీసుకోండి. అది వసిష్ఠ, మసూరి రకాల సంకరం నుండి ఏర్పడినది. ఆ సంకరపు తొలి తరాలలో వైవిధ్యం విస్తారంగా ఉంటుంది. కాని వరి చాలావరకు తన పుప్పొడితోనే గింజ కట్టే పైరు. అట్లా ఆత్మపరాగ సంపర్కం జరిగిన ప్రతి తరంలోనూ భిన్నంగా ఉన్న జతల సంఖ్య సగం అవుతుంది. ఆరు తరాలకు 64లో ఒక వంతు మిగులుతుంది. అట్లా స్థిరపడిన రకంలో ప్రతి పువ్వులోనూ క్షయకరణ విభజన జరుగుతూనే ఉన్నది, వైవిధ్యం మాత్రం దాదాపు లేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహాన్‌సెన్ చిక్కుడు గింజలతో చేసిన పరిశోధనలో ఇటువంటి శుద్ధవంశక్రమాలను 1903లోనే వివరించారు. కాబట్టి విభజన ఒక్కటే వైవిధ్యాన్ని కలిగించదు. కలపడానికి భేదాలు ముందే ఉండాలి.

రెండవది, ఈ సంఖ్య మరొక విధంగా మిక్కిలి చిన్నది. క్రోమోసోములు చెక్కుచెదరని ముక్కలుగా పోతాయని ఈ లెక్క భావిస్తున్నది. వాస్తవానికి జతగా చేరిన సమజాత క్రోమోసోములు అక్కడక్కడ తెగి, తమ భాగాలను పరస్పరం మార్చుకుంటాయి. దీనినే వినిమయం అంటాము. 1909లో బెల్జియం శాస్త్రజ్ఞుడు యాన్సెన్స్ సూక్ష్మదర్శినిలో కనిపించే అడ్డుగీతల ఆకారాలనుబట్టి దీనిని ఊహించారు. 1911లో మోర్గన్ ఈగల సంకరణ ఫలితాలను దీనితో వివరించారు. 1931లో హారియట్ క్రైటన్, బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్నలో క్రోమోసోము ముక్క మారడం, లక్షణం మారడం రెండూ ఒకేసారి జరుగుతున్నవని నిరూపించారు. మనిషి బీజకణాలను పరిశీలిస్తే పురుషబీజంలో సగటున 26 ప్రాంతంలోనూ, అండంలో 40కి పైగానూ ఇటువంటి మార్పిడుల జాడలు ఉంటాయి. మార్పిడి జరిగే తావు ప్రతిసారీ ఒకటి కాదు. అందుచేత సాధ్యమైన కూర్పులకు 84 లక్షలు లెక్కలోనికే రాదు. పాఠంలో వినిమయానికి ఒక బొమ్మ దక్కుతున్నది, సంఖ్యకు పొగడ్త దక్కుతున్నది. ఇది తారుమారు కావలసి ఉన్నది.

మూడవ లోపం: 'సృష్టి' అనే మాట

క్షయకరణ విభజన వైవిధ్యాన్ని సృష్టిస్తుందని పాఠం అనగానే అది కొత్త జన్యువులను తయారుచేస్తుందని విద్యార్థి అనుకుంటాడు. అక్షరమాల వేరు, పద్యం వేరు. కొత్త అక్షరం పుట్టేది ఉత్పరివర్తనం వలన. డి.ఎన్.ఎ. నకలు తీసేటప్పుడు జరిగే పొరపాట్ల వలన, దెబ్బతిన్న చోట సరిగా అతుకు పడకపోవడం వలన అది కలుగుతుంది. ప్రతి మానవశిశువులోనూ తల్లిదండ్రులలో లేని కొత్త మార్పులు సుమారు 60 నుండి 70 దాకా ఉంటాయనీ, వాటిలో ఎక్కువ భాగం తండ్రి నుండి వచ్చినవేననీ ఈ శతాబ్దపు పరిశోధనలు తేల్చినవి. క్షయకరణ విభజన ఉన్న అక్షరాలతో కొత్త మాటలు కూరుస్తుంది. ఫలదీకరణ వేరువేరు చోట్ల కూర్చిన రెండు మాటలను ఒకచోట చేరుస్తుంది. కూర్పు తక్కువ పని అని దీని అర్థం కాదు. రెండు వేరు వంశాలలో పుట్టిన రెండు మంచి మార్పులు ఒకే జీవిలో కలవాలంటే ఇంతకంటె దగ్గరిదారి లేదు.

అయితే కూర్చే చేయి విడదీసే చేయి కూడా. ఈ సంగతి పాఠంలో కనిపించదు. రెండు శుద్ధవంశక్రమాల మొక్కజొన్నలను సంకరం చేస్తే మొదటి తరపు మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే బలంతో పెరుగుతాయి. ఏమనగా, ఒక్కొక్క శుద్ధవంశం ఇచ్చే బీజకణాలన్నీ ఒకే తీరువి. కాని ఆ సంకరపు మొక్కలలో ప్రతి జతలోనూ తల్లివైపు క్రోమోసోము ఒక తీరు, తండ్రివైపుది మరొక తీరు. వాటిలో విభజన జరిగేటప్పుడు ఆ మంచి కూర్పు చెదురుతుంది. దాచిన గింజ నాటితే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి. ఒక కంకి నిండు, ఒకటి తాలు. మొత్తంమీద దిగుబడి తక్కువ. సంకర వరి గింజకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. పిల్ల అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. తేడా వరికీ మొక్కజొన్నకూ మధ్య లేదు, స్థిరపడిన రకానికీ సంకరానికీ మధ్య ఉన్నది. విభజన రెండు చోట్లా ఒకటే, దానికి అందిన సరుకు వేరు.

నాలుగవ లోపం: 'పరిణామం కోసం'

పరిణామానికి తోడ్పడటం కోసమే లైంగిక ప్రత్యుత్పత్తి ఏర్పడినదన్నట్లు పాఠం ధ్వనిస్తుంది. ప్రకృతికి ముందుచూపు లేదు. వేయి తరాల తరువాత కలిగే లాభం కోసం ఏ జీవీ ఈనాడు నష్టపడదు. నష్టం చిన్నది కూడా కాదు. అలైంగికంగా పెరిగే జాతిలో ప్రతి జీవీ పిల్లలను కనగలదు. లైంగిక జాతిలో సాధారణంగా సగం మంది మగవారు, వారు కనలేరు. అనగా మిగిలినవన్నీ సమానమైతే అలైంగిక జీవుల వంశం రెట్టింపు వేగంతో పెరగాలి. ఈ చిక్కును జాన్ మేనార్డ్ స్మిత్ 1978లో ప్రకటించిన 'లైంగికత పరిణామం' అనే గ్రంథంలో విపులంగా చర్చించారు. ఇంత ఖర్చు పెట్టి, మంచి కూర్పులను చెదరగొట్టుకొని కూడా అధిక సంఖ్యాక మొక్కలు, జంతువులు ఈ మార్గాన్నే పట్టుకొని ఉండడానికి కారణమేమి? శాస్త్రజ్ఞులలో దీనిపై చర్చ ముగియలేదు. ముగిసినట్లు వ్రాయడం విద్యార్థిని మోసగించడమే.

చర్చకు వెలుగు చూపిన ప్రయోగాలు లేకపోలేదు. 2005లో గొడార్డ్, గాడ్‌ఫ్రే, బర్ట్ అనే ముగ్గురు ఈస్టు కణాలపై చేసిన ప్రయోగం ప్రకటించారు. ఒక వంశంలో లైంగిక ప్రత్యుత్పత్తి మామూలుగా సాగనిచ్చారు. మరొక వంశంలో కొన్ని జన్యువులను తొలగించి, వినిమయం, క్షయకరణం జరగకుండా చేశారు. సుఖమైన పరిస్థితులలో రెండింటికీ చెప్పుకోదగిన భేదం కనపడలేదు. కఠినమైన కొత్త పరిస్థితులలో లైంగిక వంశమే త్వరగా అలవాటుపడినది. కాబట్టి వైవిధ్యం ఎల్లప్పుడూ మేలు అనడం సరికాదు. కాలం ఎదురు తిరిగినప్పుడు మేలు అనడం సరియైనది.

మన పంటలు కూడా ఈ మాటనే చెపుతున్నవి. మనం తినే చక్రకేళి, అమృతపాణి అరటి చెట్లలో క్రోమోసోములు మూడు వరుసలుగా, మొత్తం 33 ఉంటాయి. మూడింటిని రెండుగా సరిగా పంచడం సాధ్యం కాదు. క్షయకరణ విభజన తప్పిపోతుంది, గింజ కట్టదు. గింజ లేని పండు మనకు ప్రీతియే. పిలకలు నాటి తోటలు పెంచుతాము. తోటలోని చెట్లన్నీ ఒకే చెట్టు నకళ్ళు. ఇందులోని అపాయం మధ్య అమెరికాలో బయటపడినది. అక్కడ విరివిగా పెంచిన గ్రోమిషెల్ అనే రకాన్ని పనామా తెగులు నాశనం చేసింది. 1960 ప్రాంతానికి ఎగుమతి తోటలలో దాని స్థానాన్ని కావెండిష్ రకం ఆక్రమించింది. ఇప్పుడు అదే శిలీంధ్రపు మరొక తెగ కావెండిష్‌ను పట్టుకున్నది. 2019లో అది దక్షిణ అమెరికాలోని కొలంబియాకు చేరినది. ఒక చెట్టుకు తగిలిన దెబ్బ అన్ని చెట్లకూ తగులుతుంది, ఏమంటే తప్పించుకొనే భిన్నమైన చెట్టు తోటలో లేదు.

చెరకు సంగతి వేరు. రైతు ముచ్చెలు నాటుతాడు గనుక అతని పొలంలో కూడా నకళ్ళే. కాని కొత్త రకం కావలసినప్పుడు శాస్త్రజ్ఞుడు పువ్వు దగ్గరకు వెళతాడు. 1912లో కోయంబత్తూరులో స్థాపించిన చెరకు సంకరణ కేంద్రంలో బార్బర్, వెంకటరామన్ గారలు తీపి చెరకును రెల్లుగడ్డితో సంకరం చేశారు. రెల్లులో తీపి లేదు, మొండితనం ఉన్నది. ఈ కృషి నుండి వచ్చిన కో. 205 రకం 1918లో విడుదలైనది. సంకరపు విత్తు మొలకలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. వాటిలో మంచిదానిని ఏరి ముచ్చెలతో పెంచడమే పద్ధతి. కూర్పు కోసం క్షయకరణ విభజనను పిలిచి, కూర్పు కుదిరిన తరువాత దానిని పక్కన పెట్టారన్నమాట. విభజన గుణమూ దోషమూ రెండూ తెలిసినవారు చేయగల పని ఇది.

పాఠం ఎట్లా ఉండాలి?

ఉపాధ్యాయులకు ఒక చిన్న సూచన. ఐదు అట్టబిళ్ళలు కత్తిరించి వాటిపై 1 నుండి 5 వరకు అంకెలు వేయించండి. ప్రతి బిళ్ళకూ ఒక ముఖం ఎరుపు, ఒక ముఖం తెలుపు రంగు పూయించండి. ఎగరవేసి, ఏ అంకె ఏ రంగు చూపినదో విద్యార్థులచేత వ్రాయించండి. 32 విధాలు సాధ్యం. తరువాత రెండు బిళ్ళలకు రెండు ముఖాలూ ఎరుపే పూయించి మరల వేయించండి. ఇప్పుడు 8 విధాలే. మొత్తం ఐదింటికీ రెండు ముఖాలూ ఒకే రంగైతే ఎన్నిసార్లు ఎగరవేసినా ఒకటే విధం. ఎగరవేయడంలో మార్పు లేదు, బిళ్ళలలో మార్పు. వరి, మొక్కజొన్నల తేడా ఈ ఆటలో అరగంటలో బోధపడుతుంది. పరీక్షలో కూడా 'ప్రాముఖ్యం వ్రాయుము' అని అడగడానికి బదులు, పిల్ల అడిగిన ప్రశ్ననే అడగవచ్చును.

ఇక ఆ 'ప్రాముఖ్యం' వాక్యాన్ని ఇట్లా దిద్దుకోవడం మంచిది: ఉత్పరివర్తనం వలన పుట్టిన భేదాలను క్షయకరణ విభజన కరగనీయక కాపాడుతుంది, వినిమయం వలన, జతలు స్వతంత్రంగా విడిపోవడం వలన వాటిని కొత్తగా కూరుస్తుంది, పాత కూర్పులను విడదీస్తుంది, ఫలదీకరణ వాటిని మరల కలుపుతుంది, ఆ కూర్పులలో ఏది నిలవాలో పరిసరాలు నిర్ణయిస్తాయి. వాక్యం పొడుగైనది, వల్లించడానికి కష్టం. కాని పొలానికి తీసుకుపోయినప్పుడు పనికివస్తుంది.